తొమ్మిది అక్షరాల బోర్డుకి ఏడు వేల బిల్లు: పైథాన్‌లో మాటల్ని అక్షరాలుగా విడగొట్టడం ఎలా?

నమస్తే అండీ. ముందు ఈ బిల్లు చూడండి, ఆ తర్వాత కోడ్ సంగతి చూద్దాం.

బోర్డు మీద రాయాల్సింది మూడు మాటలు. నెల్లూరు చేపల పులుసు. అక్షరానికి 350 రూపాయలు. కింద టోటల్ 7,000. ఈ బిల్లు వేసింది ఎవరో కాదు, నేను రాసిన ప్రోగ్రామే.

మా మేనమామకి నెల్లూరులో బోర్డుల షాపు ఉంది. ఫ్లెక్సీలు, వినైల్ స్టిక్కర్లు, అక్రిలిక్ అక్షరాలు, అన్నీ చేస్తాడు. అక్రిలిక్ అక్షరాలకి లెక్క అక్షరానికి ఇంత అని. గుణింతం ఉన్నా, కింద వత్తు ఉన్నా, పక్కన సున్నా ఉన్నా అక్షరం అక్షరమే. ఇన్నాళ్లూ వేలితో ఎంచి, కాగితం మీద గుణించి చెప్పేవాడు. ఒకసారి బిర్యానీ హోటలాయనకి ఒక అక్షరం తక్కువ ఎంచి నష్టపోయాడట. "అబ్బయ్యా, నువ్వు కంప్యూటర్ పాఠాలు చెప్తావు గదా, పేరు టైప్ చేస్తే రేటు వచ్చేట్టు ఏదైనా చేసిపెట్టు" అన్నాడు. పది నిమిషాల పని మామా అన్నాను. నిజంగా పది నిమిషాల్లోనే రాసిచ్చాను. పేరు తీసుకో, ఎన్ని క్యారెక్టర్లున్నాయో ఎంచే లెన్ అనే ఫంక్షన్ పెట్టు, 350తో గుణించు. అంతే.

మర్నాడు పులుసు హోటలాయన వచ్చాడు. మామ పేరు టైప్ చేశాడు. ఏడు వేలు అని వచ్చింది. ఆ హోటలాయన బోర్డు వైపు వేలు పెట్టి నె, ల్లూ, రు అంటూ ఒక్కొక్కటీ ఎంచాడు. తొమ్మిది. తొమ్మిది మూడువందల యాభైలు 3,150. "ఏందయ్యా, అక్షరాలకి జీఎస్టీ వేరే వేస్తున్నావా?" అని వెళ్లిపోయాడు. మామ ఫోన్ చేసి నన్ను ఏమన్నాడో వీడియోలో చెప్పను.

ఈరోజు ఆ బిల్లు ఎందుకు అట్టా వచ్చిందో, ఎట్టా సరిచేశానో చూద్దాం. దీంతో పాటు, స్ట్రింగుల లిస్ట్, అంటే మాటల వరస ఇస్తే దాన్ని ఒక్కో క్యారెక్టర్‌గా ఎలా విడగొట్టాలి అనే ప్రశ్న ఒకటుంది. సాయంత్రం మా మిద్దె మీద పది మంది డిగ్రీ పిల్లలకి పైథాన్ చెప్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కోడ్ స్క్రీన్ మీద ఉంటుంది. నేను తెలుగులో చదువుతుంటాను, మీరు చూస్తూ వినండి.

మొదట మామ బోర్డుని పక్కన పెట్టి, సులువైన ఇంగ్లీషు మాటలతో మొదలుపెడదాం. ఊర్లు అని ఒక లిస్ట్. అందులో ఇంగ్లీషు అక్షరాలతో రెండు ఊర్లు, కావలి, ఒంగోలు. కావలి ఆరు లెటర్లు. కె, ఏ, వి, ఏ, ఎల్, ఐ. ఒంగోలు కూడా ఆరే. ఓ, ఎన్, జి, ఓ, ఎల్, ఈ. మనకి కావలసింది పన్నెండు లెటర్లతో ఒకే లిస్ట్.

పిల్లలు మొట్టమొదట చేసేది ఏమిటంటే, ఊర్లు డాట్ స్ప్లిట్ అని కొడతారు. పైథాన్ వెంటనే ఆట్రిబ్యూట్ ఎర్రర్ ఇస్తుంది. లిస్ట్‌కి స్ప్లిట్ అనే మెథడ్ లేదు అంటుంది. నిజమే, స్ప్లిట్ స్ట్రింగ్‌ది, లిస్ట్‌ది కాదు. లిస్ట్ అంటే కొట్లో సరుకుల సంచుల వరస అనుకోండి. కత్తెర పెట్టాల్సింది ఒక్కో సంచికి, వరస మొత్తానికి కాదు.

సరే అని లోపలున్న మాట తీసి, స్ప్లిట్‌కి ఖాళీ కొటేషన్లు ఇస్తారు. జావాస్క్రిప్ట్ చదివొచ్చిన పిల్లలైతే ఇది తప్పకుండా చేస్తారు, అక్కడ పనిచేస్తుంది కాబట్టి. ఇక్కడ వాల్యూ ఎర్రర్. ఎంప్టీ సెపరేటర్ అని తిడుతుంది. పైథాన్‌లో స్ప్లిట్‌కి ఎక్కడ తెంచాలో గుర్తు కావాలి. కామా దగ్గరా, గ్యాప్ దగ్గరా, హైఫన్ దగ్గరా అని. ఏమీ లేనిచోట తెంచు అంటే ఒప్పుకోదు.

మూడో ప్రయత్నం, లిస్ట్ ఆఫ్ ఊర్లు. అంటే లిస్ట్ అనే ఫంక్షన్‌లో ఊర్లు పెట్టడం. ఎర్రర్ రాదు, కానీ ఏమీ మారదు. అవే రెండు మాటలు, ఇంకో కాపీ. లిస్ట్ ఫంక్షన్ ఒక్క పొర మాత్రమే ఒలుస్తుంది. దానికి మాట ఇస్తే లెటర్లు వస్తాయి. మాటల లిస్ట్ ఇస్తే మాటలే వస్తాయి. మనకి రెండు పొరలు ఒలవాలి.

రెండు పొరలంటే రెండు ఫర్‌లు, అంటే ఒక్కోదాన్నీ వరసగా తీసే రెండు లూపులు. స్క్రీన్ చూడండి. చదరపు బ్రాకెట్‌లో, అ ఫర్ మాట ఇన్ ఊర్లు, ఫర్ అ ఇన్ మాట. బ్రాకెట్ మూసేయండి. పన్నెండు లెటర్లు వచ్చేశాయి.

ఇక్కడ అందరూ తడబడేది ఫర్‌ల వరసలో. ఏది ముందు, ఏది వెనక? చాలామంది చిన్నది ముందు రాస్తారు. ఫర్ అ ఇన్ మాట, ఫర్ మాట ఇన్ ఊర్లు అని. అప్పుడు మాట అంటే ఏమిటో తెలియదు అని నేమ్ ఎర్రర్ వస్తుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, పైన ఎప్పుడో మాట అనే పేరు వాడేసి ఉంటే ఎర్రర్ కూడా రాదు, పాత మాటని పట్టుకుని తప్పుడు జవాబు ఇస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి నేను చెప్పేది ఒకటే. మామూలు ఫర్ లూపులు ఒకదాని కింద ఒకటి ఎట్టా రాస్తారో, అదే వరసలో ఎడమ నుంచి కుడికి రాయండి. బయటి లూపు ముందు, లోపలి లూపు తర్వాత. కావలసిన వస్తువు మాత్రం అన్నిటికంటే ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఇదే పని ఇంకో రెండు రకాలుగా చేయొచ్చు. మాటలన్నీ జాయిన్‌తో ఒకే పొడుగు మాటగా అతికించి, దాన్ని లిస్ట్ ఫంక్షన్‌లో వేయడం ఒకటి. చూడ్డానికి చిన్నగా, ముద్దుగా ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మామ బోర్డు దగ్గర ఇదే మనల్ని ముంచుతుంది. ఇంకోటి పైథాన్‌తోనే వచ్చే ఐటర్‌టూల్స్ మాడ్యూల్‌లో చైన్ డాట్ ఫ్రమ్ ఐటరబుల్. లక్షల మాటలుండి, అన్నిటినీ ఒకేసారి మెమరీలోకి తేవడం ఇష్టం లేకపోతే అది మంచిది. ఒక్కోటి అడిగినప్పుడు అందిస్తుంది. సమ్ పెట్టి మాటలు కలుపుదామని మాత్రం చూడకండి. స్ట్రింగులు కూడటానికి సమ్ ఒప్పుకోదు, జాయిన్ వాడుకో అని ఎర్రర్ మెసేజ్‌లోనే చెప్తుంది. ఎర్రర్ మెసేజ్‌లు చదవండి బాబూ. భయపెట్టడానికి రాసినవి కావు అవి.

వద్దన్నప్పుడు విడిపోయే సంగతి కూడా చెప్పాలి, నాకు ఇది ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది. ఊర్లు లిస్ట్‌కి ఇంకో ఊరు చేర్చాలి. అపెండ్ పెడితే ఆ ఊరు మొత్తం ఒక్క ముక్కగా చేరుతుంది. ఎక్స్‌టెండ్ పెట్టారనుకోండి, అది స్ట్రింగ్‌ని కూడా ఒక వరస లాగే చూస్తుంది. ఒక్కో లెటర్ విడివిడిగా లిస్ట్‌లో పడుతుంది. ప్లస్ ఈక్వల్‌తో నేరుగా స్ట్రింగ్ కలిపినా అదే గతి. చివరికి కావలి, ఒంగోలు, తర్వాత కె, ఏ, ఎన్ అని చిల్లర దొర్లుతుంటుంది. మీ లిస్ట్‌లో ఉన్నట్టుండి ఒంటి లెటర్లు కనిపిస్తే ముందు ఎక్స్‌టెండ్ ఎక్కడుందో వెతకండి.

ఇంగ్లీషు సంగతి అయిపోయింది. ఇప్పుడు మామ బోర్డుకి వద్దాం.

బోర్డు అని లిస్ట్, అందులో తెలుగులో మూడు మాటలు. నెల్లూరు, చేపల, పులుసు. అవే రెండు ఫర్‌లు. ఎంటర్ కొడదాం.

పద్దెనిమిది వచ్చాయి. తొమ్మిదికి సరిగ్గా రెట్టింపు. మొదటి మాట వరకే దగ్గరగా చూడండి. మొదటి ముక్క న. రెండో ముక్క ఎత్వం ఒక్కటే. తర్వాత ల. తర్వాత పొల్లు గుర్తు. తర్వాత ఇంకో ల. దాని తర్వాత ఊత్వం. ర. చివరికి కొమ్ము. మొత్తం ఎనిమిది. ఇంకా దగ్గరికి జూమ్ చేస్తాను. ఆ ఎత్వం, పొల్లు కూర్చోవడానికి హల్లు లేక, వెళ్లి కొటేషన్ గుర్తు నెత్తిన కూర్చున్నాయి. కొన్ని ఫాంట్లలో చుక్కల వృత్తం ఒకటి గీసి దాని మీద పెడతాయి. పూలు లేని జడకి క్లిప్పులు పెట్టినట్టు ఉంటుంది.

మరి ఏడు వేల బిల్లు ఎట్టా వచ్చింది? అప్పుడు నేను లిస్ట్ వాడలేదు. మూడు మాటలూ కలిపి ఒకే స్ట్రింగ్‌గా ఇచ్చాను. నెల్లూరు ఎనిమిది, చేపల నాలుగు, పులుసు ఆరు, మధ్యలో రెండు గ్యాపులు. మొత్తం ఇరవై. ఇరవై మూడువందల యాభైలు ఏడు వేలు. అంటే పాపం ఆ హోటలాయనకి ఖాళీ జాగాకి కూడా ఏడొందలు వేశాం.

తప్పు పైథాన్‌ది కాదు. పైథాన్‌కి క్యారెక్టర్ అంటే యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల గుర్తులకీ నంబర్లిచ్చిన పట్టికలో, ఒక నంబరు. యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్లు ఉన్న పెట్టె ఒకటి ఇచ్చారు. అందులో న కి ఒక గడి, ఎత్వానికి ఒక గడి, పొల్లుకి ఒక గడి. ల్లూ కి అంటూ విడిగా గడి లేదు. ప్రతి గుణింతానికీ, ప్రతి వత్తు కలయికకీ గడి ఇవ్వాలంటే ఎన్ని వేల గళ్లైనా చాలవు. అందుకని విడి భాగాలిచ్చి, కలిపి గీసే పని ఫాంట్‌కి వదిలేశారు. ల, పొల్లు, ల, ఊత్వం ఇవి నాలుగూ పక్కపక్కన వస్తే ఫాంట్ వాటిని ల్లూ గా గీస్తుంది. మనం ఫోన్‌లో టైప్ చేసేదీ అట్టాగే కదా. ల నొక్కి, పొల్లు నొక్కి, మళ్లీ ల నొక్కితే వత్తు కిందకి దిగుతుంది. దిగింది మన కంటికే. ఫైల్‌లో అవి ఒకదాని పక్కన ఒకటి వరసగానే ఉంటాయి.

పాత పైథాన్ 2లో ఇంకా ఘోరంగా ఉండేది. అక్కడ మామూలు స్ట్రింగ్ అంటే బైట్లు. యూనికోడ్ నంబర్లని బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 అనే పద్ధతిలో తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు. నెల్లూరుకి ఇరవై నాలుగు. 2008లో పైథాన్ 3 వచ్చాక స్ట్రింగ్ అంటేనే యూనికోడ్ అయింది కాబట్టి ఎనిమిది దగ్గర ఆగాం. మామ ఆ రోజుల్లో అడిగుంటే ఈ పులుసు బోర్డు 19,600 అయ్యేది.

సరే, ఎట్టా సరిచేయాలి? నా మొదటి తెలివి వినండి. ఈజ్ ఆల్ఫా అని ఒక మెథడ్ ఉంది. క్యారెక్టర్ అక్షరమా కాదా అని చెప్తుంది. అక్షరమైనవే ఉంచి మిగతావి పారేస్తే గ్యాపులు పోతాయి కదా అనుకున్నాను. పోయాయి. బిల్లు 3,500 వచ్చింది. మామ సంతోషపడ్డాడు, దగ్గరికొచ్చావురా అన్నాడు. నేనూ వదిలేసేవాణ్ణే. ఎందుకో ఒకసారి ఆ ముక్కల్ని ప్రింట్ చేసి చూశాను. నలలర. చపల. పలస.

గుణింతాలన్నీ కొట్టుకుపోయాయి! ఎందుకంటే యూనికోడ్ దృష్టిలో గుణింతపు గుర్తు అక్షరం కాదు, మార్కు. నెల్లూరు అనే మాటని నిండుగా ఇచ్చి ఈజ్ ఆల్ఫా అని అడగండి, ఫాల్స్ అంటుంది. మన ఊరి పేరు అక్షరాలతో రాసింది కాదట! వెబ్ ఫారాల్లో పేరు తెలుగులో రాస్తే అక్షరాలు మాత్రమే వాడండి అని ఎర్రర్ చూపించేవి కొన్ని ఉంటాయి చూడండి, ఇట్టాంటి చెకింగ్ పెట్టినా ఆ ఎర్రర్ వస్తుంది.

మరి పది ఎందుకొచ్చింది, తొమ్మిది రావాలి కదా? ఆ తేడా ఒక్కటీ ల వత్తుది. ల్లూ లో రెండు ల లు ఉన్నాయి. ఈజ్ ఆల్ఫా రెండిటినీ ఎంచింది. వత్తు లేని బోర్డు అయితే ఈ తప్పు లెక్క సరిపోయి ఉండేది, నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. లక్ష్మీ అని పేరున్న షాపు వచ్చిందంటే మాత్రం దొరికిపోయేవాళ్లం. ల, క్ష్మీ. మన కంటికి రెండే. ఈజ్ ఆల్ఫా లెక్కలో ల, క, ష, మ నాలుగు. లెన్ లెక్కలో ఏడు. లక్ష్మీ పేరు లేని బజారు ఎక్కడుంది?

ఇక అసలు మందు. రెండు నియమాలు చాలు. ఒకటి, వచ్చింది మార్కు అయితే దాన్ని ముందు ముక్కకి అతికించు. రెండు, ముందు ముక్క పొల్లుతో ముగిసి ఉంటే, ఇప్పుడొచ్చింది ఏదైనా అతికించు. ఈ రెండూ కాకపోతే కొత్త ముక్క మొదలుపెట్టు.

మార్కో కాదో తెలుసుకోవడానికి యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. అందులో కేటగిరీ అనే ఫంక్షన్‌కి గుర్తు ఇస్తే రెండు లెటర్ల జవాబు ఇస్తుంది. మొదటి లెటర్ ఎమ్ అయితే మార్కు. గుణింతాలు, పొల్లు, సున్నా, విసర్గ, అన్నీ ఎమ్ తోనే మొదలవుతాయి. ఒంగోలులో సున్నా ఒ కి అతుక్కుని ఒం అవుతుందంటే ఈ నియమం వల్లే.

ఫంక్షన్ పేరు అక్షరాలు. నిజంగా తెలుగులోనే పేరు పెట్టాను చూడండి. పైథాన్ 3లో ఫంక్షన్లకి, వేరియబుల్స్‌కి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. ఆఫీసులో పెట్టకండి, టీమ్ లీడర్ కొడతాడు.

చేత్తో ఒకసారి నడిపిద్దాం. నెల్లూరు ఇచ్చాను. న వచ్చింది, లిస్ట్ ఖాళీ, కాబట్టి కొత్త ముక్క. ఎత్వం వచ్చింది, మార్కు, అతికించాం, నె అయింది. ల వచ్చింది. మార్కు కాదు. ముందు ముక్క నె, పొల్లుతో ముగియలేదు. కొత్త ముక్క. పొల్లు వచ్చింది, మార్కే, ల్ అయింది. మళ్లీ ల. మార్కు కాదు, కానీ ముందు ముక్క పొల్లుతో ముగిసింది. అతికించు. ల్ల. ఊత్వం, అతికించు. ల్లూ. ర కొత్త ముక్క. కొమ్ము అతికించు. రు. మూడు ముక్కలు. నె, ల్లూ, రు. ఆ హోటలాయన వేలు పెట్టి ఎంచినట్టే వచ్చాయి.

ఇంకాస్త గట్టిగా పరీక్షిద్దాం. మన జిల్లా పూర్తి పేరు ఇద్దాం. 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చారు కదా. లిస్ట్‌లో నాలుగు మాటలు. శ్రీ, పొట్టి, శ్రీరాములు, నెల్లూరు. లెన్ లెక్కలో 28. మన ఫంక్షన్‌తో 10. శ్రీ ఒక్కటే నాలుగు గుర్తులు తింటుంది. మీరూ వేళ్ల మీద ఎంచి చూసుకోండి.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న జాయిన్ సంగతి. ఇంకో కస్టమర్ వచ్చాడు, బోర్డు మీద ఫాస్ట్, ఫుడ్ అని రెండు మాటలు. ఫా, స్ట్, ఫు, డ్. నాలుగు. నేను సోకుగా రెండు మాటల్నీ జాయిన్‌తో అతికించి, ఆ తర్వాత అక్షరాలు ఫంక్షన్‌కి ఇచ్చాను. మూడే వచ్చాయి. మొదటి మాట పొల్లుతో ముగిసింది. జాయిన్ చేయగానే పక్క మాటలోని ఫ వచ్చి ఆ పొల్లు కింద వత్తుగా దూరిపోయింది. ఎప్పుడూ చూడని ఒక సంయుక్తాక్షరం పుట్టింది. స్ట్ఫు! నోరు తిరుగుతుందా మీకు?

ఇంగ్లీషు మాటలకైతే ముందు అతికించి తర్వాత విడగొట్టినా, ముందు విడగొట్టి తర్వాత కలిపినా ఒకటే. తెలుగులో కాదు. ఒక్కో మాటని విడిగా విడగొట్టాలి, ఆ తర్వాతే ఒకే లిస్ట్‌గా చేర్చాలి. కాబట్టి మళ్లీ మన రెండు ఫర్‌లే. అ ఫర్ మాట ఇన్ బోర్డు, ఫర్ అ ఇన్ అక్షరాలు ఆఫ్ మాట. చివర్లో మాట ఉన్నచోట అక్షరాలు ఆఫ్ మాట అని మారింది, అంతే తేడా. నేను పిల్లలకి రెండు ఫర్‌ల పద్ధతే ముందు నేర్పేది ఇందుకే. లోపలి ముక్క మార్చుకునే వీలుంటుంది.

మాటల మధ్య గ్యాపుతో ఒకే స్ట్రింగ్‌గా ఇచ్చినా ఇలాంటి చిక్కే. పొల్లు తర్వాత గ్యాపు వస్తే, రెండో నియమం ప్రకారం గ్యాపు కూడా ముందు ముక్కకి అతుక్కుంటుంది. ఎంచేటప్పుడు తెలియదు, ఆ ముక్కని ఇంకో చోట పోల్చేటప్పుడు స్ట్ వేరు, వెనక తోక ఉన్న స్ట్ వేరు అయిపోతాయి. స్ట్రింగ్‌గా వస్తే ముందు మామూలు స్ప్లిట్ పెట్టి గ్యాపుల దగ్గర తెంచండి. బ్రాకెట్‌లో ఏమీ ఇవ్వకుండా స్ప్లిట్ అంటే అదే చేస్తుంది. ఆ తర్వాత మన ఫంక్షన్.

కంటికి కనపడనిది కూడా ఒకటుంది. ఫాస్ట్‌ఫుడ్ అని కలిపి రాస్తూ ఫ కిందకి దిగకుండా ఉండాలంటే, మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని ఒక గుర్తు పెడతారు. దానికి వెడల్పు లేదు, తెర మీద కనపడదు. తెలుగు టైపింగ్‌లో అడుగడుక్కీ వస్తుంది. కనపడకపోయినా లెన్ దాన్ని ఎంచుతుంది, అంటే నా మొదటి ప్రోగ్రామ్ దానికి కూడా 350 వేసేది. మీ లిస్ట్ ప్రింట్ చేసినప్పుడు బ్యాక్‌స్లాష్ యు 200సి అని కనిపిస్తే అది ఇదే. మన ఫంక్షన్‌లో అది పొల్లు పక్కన అతుక్కుపోతుంది, తర్వాతి ఫ కొత్త ముక్క అవుతుంది. మనకి కావలసింది అదే. నేను ప్లాన్ చేసి రాసింది కాదు, అదృష్టం కొద్దీ కుదిరింది.

ఇదంతా చేత్తో రాసుకోవడం ఎందుకు, రెడీమేడ్ లేదా అంటారా? ఉంది. మాటల్లో నమూనాలు వెతకడానికి పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్‌లో లేదు గానీ, రెజెక్స్ అని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునేది ఒకటుంది. అందులో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ అంటే మనిషి కంటికి ఒకటిగా కనిపించే ముక్క అని అర్థం. ఒక మెలిక ఉంది. యూనికోడ్ పాత నియమాల ప్రకారం ముక్క పొల్లు దగ్గర తెగిపోతుంది. నెల్లూరు ఇస్తే నె, ల్, లూ, రు అని నాలుగు వస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చారు, దాని ప్రకారం తెలుగు వత్తులు విడిపోవు. మీ దగ్గరున్న లైబ్రరీ ఏ నియమాలు పాటిస్తుందో తెలియాలంటే నెల్లూరు అని ఇచ్చి చూడండి. మూడొస్తే కొత్తది, నాలుగొస్తే పాతది. ఊరి పేరు ఇట్టా కూడా పనికొస్తుంది.

మైపాడు అనే ఊరి పేరు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మై లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా, లేదా ఎత్వం ప్లస్ కింద ఇంకో గుర్తుగా. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. లెన్ ఒకదానికి ఆరు, ఇంకోదానికి ఏడు. రెండిటినీ ఈక్వల్ ఈక్వల్‌తో పోల్చితే ఫాల్స్. మన ఫంక్షన్ రెండిటికీ మూడు అక్షరాలే ఇస్తుంది కానీ, పోల్చే పని ఉంటే ముందు యూనికోడ్‌డేటాలోని నార్మలైజ్‌తో, ఎన్ఎఫ్‌సీ అని చెప్పి, ఒకే రూపానికి తెచ్చుకోండి.

ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న ఒకటుంది. మాట వెనక నుంచి చదివినా అదేనా, పాలిండ్రోమా కాదా? అందరూ కొలన్ కొలన్ మైనస్ ఒకటి పెట్టి తిప్పేసి పోల్చేస్తారు. తెనాలి రామకృష్ణుడి వికటకవి ఇచ్చి చూడండి. చిన్నప్పటి నుంచి ఎటు చదివినా వికటకవి అని మనందరికీ తెలుసు. పైథాన్ మాత్రం ఫాల్స్ అంటుంది! తిప్పగానే చివరనున్న గుడి మొదటికి వస్తుంది, దానికి కూర్చోవడానికి హల్లు ఉండదు. ట తర్వాత వచ్చే క మీదకి ఇంకో గుడి ఎక్కి అది కి అయిపోతుంది. చివరికి వ బోడిగా మిగులుతుంది. ఇప్పుడు మన ఫంక్షన్‌తో విడగొట్టి, వచ్చిన లిస్ట్‌ని తిప్పి పోల్చండి. వి, క, ట, క, వి. ట్రూ. మా మిద్దె మీద పిల్లలు చప్పట్లు కొట్టింది ఈ ఒక్కదానికే. బిల్లు కథకి కాదు.

కొత్త ప్రోగ్రామ్ మామ సిస్టమ్‌లో పెట్టాను. హోటలాయన్ని మళ్లీ పిలిచి, ఆయన ముందే టైప్ చేశాడు. 3,150 వచ్చింది. ఆయన ఊరుకోకుండా వేలు పెట్టి ఇంకోసారి ఎంచి, అప్పుడు అడ్వాన్స్ ఇచ్చాడు. అంతా అయిపోయింది అనుకుంటుంటే, కటింగ్ మిషన్ దగ్గర పనిచేసే అన్న ఒక చీటీ పట్టుకొచ్చాడు. "బిల్లుకి తొమ్మిది సరే. ల్లూ కింద వత్తు విడిగా తెగుతుంది, నాకు పది ముక్కలు. ఆ లెక్క కూడా రావాలి" అన్నాడు. నవ్వొచ్చింది. నేను తప్పని పారేసిన పది ఆయనకి కావలసిన పదే. అయినా ఆ పాత కోడ్ మళ్లీ తీయలేదు. కొన్ని వత్తులు అక్షరానికి అతుక్కునే ఉంటాయి, అవి విడిగా తెగవు. ఏ వత్తు తెగుతుందో ఏది తెగదో ఆయన చేత ఒక పట్టీ రాయిస్తున్నాను. ఇప్పటికి సగం అయింది.

ఈలోపు హోటలాయన ఫోన్ చేసి, బోర్డు కింద ఫోన్ నంబర్ కూడా వేయమన్నాడు. పది అంకెలు. దానికి లెన్ చాలు.